అన్నకి టైప్ 1 షుగర్ వచ్చింది, చెల్లికి జన్యు పరీక్ష చేయించాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మావారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. మా బాబుకి తొమ్మిదేళ్లు. పోయిన వేసవిలో నీళ్లు తెగ తాగుతుంటే, చిక్కిపోతుంటే ఎండలకి అనుకున్నాం. ఒకరోజు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. హాస్పిటల్‌కి తీసుకెళ్తే షుగర్ 500 దాటిందని ఐసీయూలో పెట్టారు. టైప్ 1 అన్నారు, గాడ్ యాంటీబాడీ పాజిటివ్ అని రిపోర్టు ఇచ్చారు. అప్పట్నుంచి ఇన్సులిన్ ఇస్తున్నాం. ఈమధ్య డోసు బాగా తగ్గింది. తెనాలి దగ్గర ఒకాయన ఇచ్చే పసరు వల్లే తగ్గిందని, ఇక ఇన్సులిన్ ఆపేయొచ్చని బంధువులు అంటున్నారు. నాకు పెళ్లయిన కొత్తలోనే థైరాయిడ్ బయటపడింది. మాది మేనరికం, మా అత్తగారు మా నాన్నకి సొంత అక్క. నీ థైరాయిడే వాడికి షుగరై వచ్చిందని ఆవిడ అంటారు, మేనరికం చేసుకున్నందుకే అని ఇరుగుపొరుగు అంటారు. మా పాపకి ఐదేళ్లు. విజయవాడలో ఒక ల్యాబ్ వాళ్లు జన్యు పరీక్ష చేసి దానికి షుగర్ వస్తుందో రాదో ముందే చెప్పేస్తామంటున్నారు. మావారేమో ఏ పరీక్షా వద్దు, తెలిసి ఏడవడం తప్ప ఏం చేస్తాం, రేపు దాని పెళ్లికి అడ్డం అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఇన్సులిన్ సంగతి చెప్పనివ్వండమ్మా, ఎందుకంటే మీరు అడిగిన మిగతావన్నీ ఒక వారం ఆగినా పర్వాలేదు, ఇది ఒక్క పూట కూడా ఆగదు. ఇన్సులిన్ ఆపకండి. ఎవరు చెప్పినా ఆపకండి. డోసు తగ్గింది పసరు వల్ల కాదు. టైప్ 1లో మన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద దాడి చేస్తుంది. జబ్బు బయటపడే రోజుకి కూడా ఆ కణాలు మొత్తం పోవు, కొన్ని మిగిలే ఉంటాయి, కానీ 500 షుగర్‌లో అవి కూడా సొమ్మసిల్లి పని మానేస్తాయి. బయటి నుంచి ఇన్సులిన్ ఇవ్వగానే వాటికి కాస్త విశ్రాంతి దొరికి మళ్లీ పని మొదలుపెడతాయి, దాంతో కొన్ని వారాలో నెలలో, కొందరికి ఏడాది పైన కూడా, తక్కువ డోసుతోనే షుగర్ అదుపులో ఉంటుంది. డాక్టర్లు దీన్ని హనీమూన్ పీరియడ్ అంటారు, కొత్తగా టైప్ 1 వచ్చిన పిల్లల్లో చాలామందికి ఇది ఉంటుంది, పసరు తాగినా తాగకపోయినా ఉంటుంది. కానీ దాడి లోపల సాగుతూనే ఉంటుంది కాబట్టి ఆ మిగిలిన కణాలు కూడా క్రమంగా తగ్గిపోతాయి, డోసు మళ్లీ పెరుగుతుంది. ఈ సమయంలో ఇన్సులిన్ ఆపేసి మళ్లీ ఐసీయూకి చేరిన పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే ఆ తల్లిదండ్రులది నిర్లక్ష్యం కాదు, ఆశ. డోసు ఎంత తగ్గించాలో మీ డాక్టర్ చెబుతారు, మరీ తక్కువ యూనిట్లకి వచ్చినా సరే పూర్తిగా మాత్రం మానరు. పసరు ఇచ్చే ఆయనతో గొడవపడక్కర్లేదు, వెళ్లడం మానేయండి, అంతే.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ అన్నదాంట్లో ఒక చిన్న నిజం ఉంది, దాని చుట్టూ పెద్ద అన్యాయం ఉంది. నిజం ఏమిటంటే మీకున్న థైరాయిడ్ సమస్య హషిమోటో రకమైతే, మన దగ్గర ఆడవాళ్లలో థైరాయిడ్ తక్కువగా పనిచేయడానికి ఎక్కువగా అదే కారణం, అదీ బాబుకి వచ్చిన టైప్ 1 షుగరూ ఒకే కుటుంబానికి చెందిన జబ్బులు. రెండింటిలోనూ రోగనిరోధక వ్యవస్థ సొంత గ్రంథి మీదే దాడి చేస్తుంది, ఇలాంటివాటిని ఆటోఇమ్యూన్ జబ్బులంటారు. ఈ సంగతి తెలిసిన తీరు కూడా ఆసక్తిగా ఉంటుంది. 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టర్ ఆ థైరాయిడ్ జబ్బుని వర్ణించాడు కానీ అది ఎందుకు వస్తుందో దాదాపు నలభై ఏళ్ల పైన ఎవరికీ తెలియలేదు. 1956లో లండన్‌లో డెబోరా డోనియాక్, ఐవన్ రోయిట్ బృందం ఆ రోగుల రక్తంలో సొంత థైరాయిడ్ మీదే తయారైన యాంటీబాడీలు ఉన్నాయని కనుక్కుంది. అదే డోనియాక్, బొటాజ్జో అనే ఇటలీ డాక్టర్‌తో కలిసి 1974లో క్లోమంలోని కణాల మీద యాంటీబాడీల్ని పట్టుకుంది, అదీ ఎవరి రక్తంలో అంటే, షుగర్‌తో పాటు ఇతర గ్రంథుల ఆటోఇమ్యూన్ జబ్బులు కూడా ఉన్న రోగుల రక్తంలో. అంటే మీ ఇంట్లో తల్లికి థైరాయిడ్, కొడుక్కి షుగర్ అన్నట్టు కలిసి కనిపించే జబ్బుల్ని వెంబడిస్తూ వెళ్లే ఆ శాస్త్రవేత్తలు టైప్ 1 గుట్టు పట్టుకున్నారు.

అలాగని మీ థైరాయిడ్ వెళ్లి వాడి షుగర్ అవలేదు. రెండింటికీ దారి తీసే కొన్ని జన్యువులు ఉమ్మడివి. వాటిలో పెద్దది ఆరో క్రోమోజోమ్ మీద ఉండే హెచ్ఎల్ఏ అనే ప్రాంతం, టైప్ 1కి జన్యువుల వల్ల వచ్చే ముప్పులో దాదాపు సగం అక్కడిదే. మిగతా సగం ఇంకా యాభై అరవై చోట్ల చిన్న చిన్న ముక్కలుగా ఉంది. బాబుకి హెచ్ఎల్ఏ ఒక కాపీ మీ దగ్గర్నుంచి, ఒకటి మీవారి దగ్గర్నుంచి వచ్చింది, మీ అత్తగారు మీకు మేనత్తే కాబట్టి ఆ ఇంటి జన్యువులు రెండు వైపుల నుంచీ వాడికి అందాయి. ఆవిడ వేలు మీ ఒక్కరి వైపే చూపించడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు. పైగా అవే జన్యువులు ఉన్నవాళ్లలో చాలా ఎక్కువమందికి ఏ జబ్బూ రాదు. అచ్చం ఒకే జన్యువులున్న కవల పిల్లల్లో ఒకరికి టైప్ 1 వస్తే రెండోవారికి కచ్చితంగా వస్తుందా అంటే అదీ లేదు, వచ్చినా కొన్నిసార్లు ఎన్నో ఏళ్ల తర్వాత వస్తుంది. జన్యువుకి తోడు ఇంకేదో కలవాలి, కొన్ని వైరస్‌ల మీద అనుమానం బలంగా ఉంది, ఇంకా తేలలేదు. మీరు గర్భంతో ఉన్నప్పుడు తిన్నదీ కాదు, వాడికి చిన్నప్పుడు పెట్టిన స్వీట్లూ కాదు. కొత్తగా టైప్ 1 వచ్చిన పదిమంది పిల్లల్లో సుమారు తొమ్మిదిమందికి ఇంట్లో అంతకుముందు ఎవరికీ ఆ జబ్బు ఉండదు.

మేనరికం మాట కూడా తేల్చేద్దాం. మేనరికం వల్ల ముప్పు పెరిగేది ఒకే ఒక్క జన్యువు పాడవడం వల్ల వచ్చే జబ్బులకి, తల్లి నుంచి తండ్రి నుంచి రెండూ పాడైన కాపీలే వచ్చినప్పుడు. గ్రంథుల జబ్బుల్లో అలాంటివి ఉన్నాయి. ఎయిర్ అనే జన్యువు పాడైతే నోట్లో పదే పదే ఫంగస్, కాల్షియం పడిపోవడం, మూత్రపిండాల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథి దెబ్బతినడం వరసగా వస్తాయి, ఆ జన్యువుని 1997లో గుర్తించారు, చాలా అరుదైన జబ్బు అది. షుగర్‌తో పాటు చూపు, వినికిడి దెబ్బతినే వోల్ఫ్రామ్ సిండ్రోమ్ కూడా మేనరికాల్లో కనిపిస్తుంది. ఆరు నెలలు నిండకముందే షుగర్ వచ్చిన పసిబిడ్డకి మాత్రం జన్యు పరీక్ష తప్పనిసరిగా చేయించాలి, ఎందుకంటే వాళ్లలో కొందరికి ఇన్సులిన్ బదులు మాత్రతోనే సరిపోతుంది, చెన్నైలో మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు ఈ పని ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు. మీ బాబుకి తొమ్మిదేళ్లకి, గాడ్ పాజిటివ్‌తో వచ్చింది, అంటే బీటా కణాల మీద దాడి గుర్తు రక్తంలో దొరికింది, ఇది మామూలు టైప్ 1. దీనికి మేనరికాన్ని దోషిగా నిలబెట్టడం సరికాదు.

ఇప్పుడు పాప. ల్యాబ్ వాళ్లు అమ్ముతున్న జన్యు పరీక్ష వద్దు. డబ్బు దండగ అనే ఒక్క మాటతో వదిలేయడం నాకిష్టం లేదు, ఎందుకో చెబుతాను. జన్యు పరీక్ష చెప్పగలిగింది ముప్పు ఎక్కువా తక్కువా అన్నది మాత్రమే. అన్నకి టైప్ 1 ఉంది కాబట్టి పాపకి ముప్పు మామూలు పిల్లల కంటే ఎక్కువని ఆ పరీక్ష లేకుండానే మనకి తెలుసు. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం మామూలు పిల్లల్లో వెయ్యిమందికి ముగ్గురో నలుగురో అయితే, టైప్ 1 ఉన్నవాళ్ల తోబుట్టువుల్లో వందకి ఐదారుగురు. ఇంకోలా చూస్తే ఆ తోబుట్టువుల్లో వందకి తొంభై నాలుగైదు మందికి ఎప్పటికీ రాదు. మీవారు మిర్చి యార్డులో పనిచేస్తారు కాబట్టి ఆయనకి ఇలా చెప్పండి: విత్తనం రకం చూసి ఈ పంటకి తెగులు వచ్చే అవకాశం ఎక్కువ అనడం వేరు, ఆకు తిప్పి చూసి ఇదిగో తామరపురుగు పట్టింది అనడం వేరు. జన్యు పరీక్ష మొదటిది. యాంటీబాడీ పరీక్ష రెండోది.

2004లో అమెరికా, ఫిన్లాండ్, జర్మనీ, స్వీడన్ దేశాల్లో టెడ్డీ అనే పెద్ద అధ్యయనం మొదలైంది. నాలుగు లక్షలమందికి పైగా పురిటి బిడ్డల రక్తంలో హెచ్ఎల్ఏ చూసి, ముప్పు ఎక్కువున్న 8,676 మందిని ఏరి, ఏళ్ల తరబడి వెంట ఉండి గమనించారు. అంత జల్లెడ పట్టి తీసిన పిల్లల్లో కూడా ఎక్కువమందికి షుగర్ రాలేదు. పరిశోధనకి అది బంగారం లాంటి సమాచారం, ఒక తల్లి చేతిలో పెట్టే జవాబు మాత్రం కాదు. ఇంకో మాట, జన్యువుల్లోని మార్పులన్నీ కూడి ముప్పుకి ఒక అంకె వేసే ఈ జన్యు స్కోర్లు ముందు యూరప్ వాళ్ల రక్తం మీద తయారైనవి. అక్కడ ముఖ్యమైన పీటీపీఎన్22 అనే జన్యువులోని మార్పు మనవాళ్లలో అరుదు. పుణె కేఈఎం ఆసుపత్రి, హైదరాబాద్ సీసీఎంబీ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ కలిసి 2020లో ప్రచురించిన పని ఈ విషయంలో మనకి దగ్గరిది: ఆ స్కోరు భారతీయుల్లో కూడా టైప్ 1నీ టైప్ 2నీ విడదీయగలదని, కాకపోతే యూరప్ వాళ్లలో పనిచేసినంత గట్టిగా కాదని చూపించారు. అది కూడా షుగర్ వచ్చాక ఏ రకమో తేల్చడానికి, ఆరోగ్యంగా ఆడుకుంటున్న ఐదేళ్ల పాపకి రేపు వస్తుందో రాదో చెప్పడానికి కాదు. వస్తుందో రాదో ముందే చెప్పేస్తామని ఏ ల్యాబ్ అన్నా నమ్మకండి.

యాంటీబాడీ పరీక్ష మాత్రం చేయించమనే నా సలహా. బీటా కణాల మీద దాడి మొదలైన తర్వాత షుగర్ పెరగడానికి కొన్ని నెలల నుంచి కొన్ని ఏళ్ల దాకా పడుతుంది, ఆ మధ్యకాలంలో పిల్ల మామూలుగానే ఉంటుంది, రక్తంలో మాత్రం యాంటీబాడీలు కనిపిస్తాయి. బీటా కణాల్లో ఉండే నాలుగు ప్రోటీన్ల మీద తయారయ్యే నాలుగు రకాలు చూస్తారు: ఇన్సులిన్ మీద, గాడ్ మీద, ఐఏ-2 మీద, జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8 మీద. చాలా ల్యాబుల్లో అడిగితే గాడ్ ఒక్కటే చేసి పంపిస్తారు, పెద్దవాళ్లకైతే అది చాలాసార్లు సరిపోతుంది, కానీ చిన్నపిల్లల్లో తరచూ ముందుగా కనిపించేది ఇన్సులిన్ యాంటీబాడీ, కాబట్టి పాపకి గాడ్ ఒక్కటే చేసి లేదు అనేస్తే పూర్తి జవాబు రానట్టే. నాలుగూ దొరక్కపోతే కనీసం మూడు. పరగడుపున వెళ్లక్కర్లేదు, ఒక్కసారి రక్తం తీస్తే చాలు. బాబుకి ఇప్పుడు ఇన్సులిన్ యాంటీబాడీ చేయిస్తామని ఎవరైనా అంటే వద్దనండి, బయటి ఇన్సులిన్ తీసుకుంటున్నవాళ్లకి అది ఎలాగూ పాజిటివ్ వస్తుంది, దానికి అర్థం ఉండదు.

ఏమీ లేవని వస్తే, చాలావరకు అదే వస్తుంది, టైప్ 1 ఉన్నవాళ్ల చుట్టాల్ని పరీక్షించే అధ్యయనం ట్రయల్‌నెట్‌లో కూడా వందలో సుమారు ఐదుగురికే ఏదో ఒక యాంటీబాడీ కనిపించింది, అప్పుడు ఊపిరి పీల్చుకోండి, రోజూ పాప వేలు గుచ్చకండి. ఒక్కసారి నెగెటివ్ వస్తే జన్మంతా నెగెటివ్ అని కాదు. రెండేళ్ల వయసులో ఒకసారి, ఆరేళ్ల వయసులో ఒకసారి చూస్తే చిన్నతనంలో టైప్ 1 రాబోయే పిల్లల్లో ఎక్కువమంది దొరుకుతారని పెద్ద అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది, కాబట్టి మీ పాపకి ఇప్పుడొకసారి, తర్వాత దానికి పదేళ్ల వయసు దాటాక ఇంకోసారి అనుకోండి, మధ్యలో ఎప్పుడు అన్నది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోండి. ఒక్క యాంటీబాడీయే పాజిటివ్ వస్తే పదేళ్లలో షుగర్ వచ్చేది వందలో సుమారు పదిహేను మందికి, కొందరిలో ఆ ఒక్కటి కూడా తర్వాత మాయమవుతుంది. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే లెక్క మారుతుంది, అలాంటి పిల్లల్లో పదేళ్లలో వందకి డెబ్బై మందికి వచ్చింది, ఇంకా సమయం గడిస్తే దాదాపు అందరికీ వస్తుంది. 2015 నుంచి దీన్ని స్టేజ్ 1 అని పిలుస్తున్నారు, అంటే షుగర్ మామూలుగానే ఉన్నా జబ్బు మొదలైనట్టే లెక్క. షుగర్ కాస్త అటూ ఇటూ అయితే స్టేజ్ 2, మీ బాబు ఐసీయూకి వెళ్లిన రోజుది స్టేజ్ 3. ఏ పాజిటివ్ వచ్చినా వెంటనే కుంగిపోకండి, మళ్లీ కొత్తగా రక్తం తీసి రెండోసారి చూసి రూఢి చేసుకున్నాకే దాన్ని నమ్మాలి.

మీవారు అడిగింది అసలు ప్రశ్న, తెలిసి ఏం చేస్తాం అని. దానికి జర్మనీలో బవేరియా రాష్ట్రం జవాబు చెప్పింది. 2015లో అక్కడ ఫ్రీడా అనే పేరుతో మామూలు పిల్లల డాక్టర్ల దగ్గరే యాంటీబాడీ పరీక్ష మొదలుపెట్టారు. మొదటి దఫాలో 90,632 మంది చిన్నపిల్లల్ని చూస్తే 280 మందికి రెండు అంతకు మించి యాంటీబాడీలు ఉన్నాయి. ఆ ఇళ్లలో తల్లిదండ్రులకి ఏం గమనించాలో నేర్పారు. ఆ పిల్లల్లో షుగర్ బయటపడినప్పుడు కీటోఅసిడోసిస్‌తో, అంటే మీ బాబు వెళ్లిన స్థితిలో, వచ్చినవాళ్లు వందకి ఐదుగురు కూడా లేరు, మామూలుగా అక్కడ వందకి ఇరవై మంది పైగా అలా వస్తారు. ఇటలీ అయితే 2023లో పిల్లలందరికీ ఈ పరీక్ష చేయాలని చట్టమే చేసింది. మీ ఇంట్లో ఆ ఐసీయూ బయట కూర్చున్న రాత్రులు మీవారికి గుర్తుంటాయి కదా. పాప విషయంలో అది రాకుండా చూసుకోవడమే ఈ పరీక్ష వల్ల మీకు దక్కేది, నా దృష్టిలో అది చాలా పెద్దది. పెళ్లి సంగతంటారా, ఐదేళ్ల పాప రక్తపరీక్ష కాగితం మీ బీరువాలో ఉంటుంది, దాన్ని ఎవరికి చూపించాలో మీ ఇష్టం, పెద్దయ్యాక పాప ఇష్టం. ముందుగా తెలుసుకోకపోవడం వల్ల రాబోయే జబ్బు ఆగదు, ఆ కాగితం లేనంత మాత్రాన పెళ్లి ముహూర్తానికి అది మాయమూ కాదు. ఒకటి మాత్రం ఆయనతో ఒప్పుకుంటాను, ఇష్టం లేకుండా బలవంతంగా చేయించే పరీక్ష ఇంట్లో గొడవే తెస్తుంది. ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాకే రక్తం ఇప్పించండి.

ఆపే మందు ఉందా అని మీరు అడగలేదు, కానీ ఫోన్‌లో వెతికితే కనిపిస్తుంది కాబట్టి చెబుతాను. టెప్లిజుమాబ్ అనే మందుకి అమెరికా 2022 నవంబర్‌లో అనుమతి ఇచ్చింది. స్టేజ్ 2లో ఉన్నవాళ్లకి పద్నాలుగు రోజులు వరసగా సెలైన్‌లా ఎక్కిస్తారు. 76 మంది మీద చేసిన ట్రయల్‌లో షుగర్ బయటపడటాన్ని సగటున రెండేళ్లు వెనక్కి నెట్టింది. మొదట అనుమతించింది 8 ఏళ్లు నిండినవాళ్లకే, ఖరీదు చాలా ఎక్కువ, జబ్బుని పూర్తిగా ఆపదు. ఒక పిల్లకి ఇంజెక్షన్లు లేని రెండేళ్లంటే తక్కువేమీ కాదు, ఆ దారి తెరుచుకోవడం నాకు ఎంతో సంతోషం. మీ పాప దాకా ఇప్పుడు ఆ ఆలోచన అక్కర్లేదు.

పరీక్షకి డబ్బు కుదరకపోయినా, వాయిదా పడినా, ఈ ఒక్క పని మాత్రం ఈరోజు నుంచే చేయండి, దీనికి పైసా ఖర్చు లేదు. మన గుంటూరు ఎండల్లో పిల్లలు నీళ్లు ఎక్కువ తాగుతారు, నిజమే. కానీ ఎండకి నీళ్లు తాగే పిల్లకి చెమట పోస్తుంది, మూత్రం తక్కువగా, పచ్చగా వస్తుంది. షుగర్ వల్ల దాహం వేసే పిల్లకి మూత్రం నీళ్లలా తెల్లగా, పదే పదే వస్తుంది, రాత్రి రెండు మూడు సార్లు లేస్తుంది, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. బాత్‌రూమ్‌లో చీమలు పడితే మా అమ్మమ్మల కాలం నుంచీ అందరికీ తెలిసిన గుర్తే అది, దాన్ని కొట్టిపారేయకండి. తిండి బాగానే తింటూ గౌను వదులవడం, స్కూల్ నుంచి వచ్చి ఆడకుండా పడుకోవడం కూడా చూసుకోండి. ఇలాంటిది ఏ ఒక్కటి కనిపించినా మీ దగ్గర బాబు గ్లూకోమీటర్ ఉంది కదా, సూది మార్చి, పాప చేతులు సబ్బుతో కడిగి, తుడిచి, ఒక్క చుక్క చూడండి. చేతికి మామిడిపండు రసమో బెల్లమో అంటుకుని ఉంటే తప్పుడు అంకె వస్తుంది, అందుకే కడగమంటున్నాను. 200 దాటితే రేపు పొద్దున చూద్దాం అనుకోకుండా ఆ పూటే హాస్పిటల్‌కి వెళ్లండి. వాంతులు, కడుపునొప్పి, గుండెలదిరేలా ఆయాసం తోడైతే అర్ధరాత్రైనా ఆగకండి, గ్యాస్ అనో, అజీర్తి అనో, వైరల్ జ్వరం అనో ఎవరైనా మాత్రలిచ్చి పంపబోతే "ఇంట్లో అన్నకి టైప్ 1 ఉంది, ముందు షుగర్ చూడండి" అని గట్టిగా అడగండి. ఆ ఒక్క వాక్యం డాక్టర్ ఆలోచనని అక్కడికక్కడే మార్చేస్తుంది.

థైరాయిడ్ విషయం కూడా ఇదే చీటీలో రాసుకోండి. టైప్ 1 ఉన్న పిల్లల్లో ఆటోఇమ్యూన్ థైరాయిడ్ చాలా మామూలుగా కనిపిస్తుంది, మీకే ఉంది కాబట్టి బాబుకి థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే టీఎస్‌హెచ్, దాని మీద దాడి ఉందేమో చెప్పే టీపీఓ యాంటీబాడీ రెండూ చూడాలి, బాగానే ఉంటే ఏడాదికో రెండేళ్లకో ఒకసారి. ఐసీయూలో ఉన్న రోజుల్లో చేసిన థైరాయిడ్ రిపోర్టుని మాత్రం లెక్కలోకి తీసుకోకండి, ఒంట్లో అంత బాగాలేనప్పుడు ఆ అంకెలు తారుమారవుతాయి, షుగర్ కుదుటపడ్డాక మళ్లీ చేయించాలి. గోధుమ పడని సీలియాక్ కూడా ఇదే కుటుంబంలోది, ఉత్తరాదితో పోలిస్తే మన దక్షిణాదిలో బాగా తక్కువ, అయినా ఒకసారి చూస్తే మంచిది. అరుదైనది ఎడ్రినల్ గ్రంథి దెబ్బతినే ఎడిసన్ జబ్బు. ఇన్సులిన్ పెంచకపోయినా మాటిమాటికీ షుగర్ పడిపోవడం, ఎప్పుడూ లేనంతగా ఉప్పు, ఊరగాయ కావాలనడం, అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడటం దాని గుర్తులు. మన ఊళ్లో ఏ పిల్లాడు నల్లబడినా ఎండకే అంటాం, కానీ ఎండకి చిగుళ్లు నల్లబడవు. అనుమానం వస్తే డాక్టర్‌కి చెప్పండి, ముఖ్యంగా అప్పుడే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టబోతుంటే ఇంకా ముందు చెప్పండి, ఎడ్రినల్ బలహీనంగా ఉన్నవాళ్లకి ముందు దాని మందు ఇవ్వకుండా థైరాయిడ్ మాత్ర ఇస్తే ప్రమాదం.

మీ సంగతి మీరు ఒక్క ముక్కే రాశారు. మీకు టీపీఓ యాంటీబాడీ ఎప్పుడైనా చేశారా? మాత్ర కాఫీతో పాటు వేసుకుంటున్నారేమో చూసుకోండి, లేవగానే మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట, కుదిరితే గంట ఆగి కాఫీ తాగాలి, ఐరన్, కాల్షియం మాత్రలుంటే వాటికి నాలుగు గంటల ఎడం ఉండాలి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకి రెండు మూడు రోజుల ముందు ఆపండి, అవి థైరాయిడ్ అంకెల్ని తప్పుగా చూపిస్తాయి. బాబు పనుల్లో పడి మీ టీఎస్‌హెచ్ చూపించుకుని ఎన్నాళ్లైందో నాకు అనుమానమే.

పిల్లల గ్రంథుల డాక్టర్ గుంటూరులో గానీ విజయవాడలో గానీ ఎక్కడ దొరికితే అక్కడికి బాబునీ పాపనీ ఒకేసారి తీసుకెళ్లండి, మీవారు కూడా రావాలి. పోయిన వేసవి డిశ్చార్జి కాగితం, గాడ్ రిపోర్టు, ఇన్సులిన్ డోసులు రాసుకున్న పుస్తకం, మీ థైరాయిడ్ రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టుకోండి. పాప రిపోర్టు వచ్చాక మళ్లీ రాయాలనిపిస్తే, ఏ యాంటీబాడీకి ఎంత అంకె వచ్చింది, దాని పక్కనే ఆ ల్యాబ్ వేసిన రేంజ్ ఎంత, రెండూ రాయండి, ఒక్కో ల్యాబ్ కొలత ఒక్కోలా ఉంటుంది కాబట్టి పాజిటివ్, నెగెటివ్ అన్న మాట ఒక్కటే రాస్తే నేను సరిగ్గా చెప్పలేను.